బొమ్మలో అయితే ముద్దు, బస్తీలో అయితే బేజా కబ్జా

బావి దగ్గర ఆడవాళ్ళ బొమ్మ మీరు చూసే ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దపు దక్కనీ చిత్రం. హైదరాబాదులో వేశారు, ఇటు చిన్న చిన్న సంస్థానాల్లోనూ వేశారు. ఇదే అల్లిక లక్నోలోనూ ముర్షిదాబాదులోనూ కనిపిస్తుంది. మధ్యలో రాతిగట్టు బావి, చుట్టూ అయిదారుగురు ఆడవాళ్ళు. ఒకామె తాడు లాగుతోంది, ఒకామె నెత్తిన బిందె మీద బిందె. గుర్రం దిగిన దొర ఒకడు దోసిలి పట్టాడు, పొడుగాటి జడ ఉన్నామె అందులోకి నీళ్ళు వంపుతోంది. వెనక మామిడి చెట్టు, దాని వెనక తెల్లటి ఊరు, ఆకాశం అంచున బంగారు గీత. కింద అతికించిన చీటీలో శతాబ్దం ఉంటుంది, ప్రాంతం ఉంటుంది, బొమ్మ కొలతలు ఉంటాయి. వేసినవాడి దగ్గరికి వచ్చేసరికి 'తెలియదు' అని ఉంటుంది.

ఇలాంటి బొమ్మ ప్రింటు ఒకటి చట్రం కట్టించి, మా ఉక్కు పట్నం భిలాయిలో ఒక పెద్దమనిషి తన హాల్లో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. "ఆ రోజుల్లో జనం ఎంత హాయిగా, ఎంత కలివిడిగా బతికారో చూడండి. అందరూ ఆరుబయటే!" అంటాడు. సాయంత్రం ఇదే మనిషి కారెక్కి మా కూలీల బస్తీ క్యాంప్ 1 సందు మలుపు తిరుగుతాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, బిందెలు, రోడ్డు మీదికి జరిగిన రెండు నవ్వారు మంచాలు, ఒక చాయ్ ఠేలా. హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడు. "అంతా బేజా కబ్జా, అక్రమ ఆక్రమణ! వీళ్ళని ఊడ్చేస్తే గానీ ఊరు బాగుపడదు."

ఆయన ఒక్కడే అయితే ఆయన మొహం చూసి ఊరుకుందును. ఆయనలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కాగితం మీద బావి గట్టు సంస్కృతి, రోడ్డు మీద కుళాయి గట్టు గలీజు. బొమ్మలో పనీపాటా లేకుండా చెట్టు కింద కూర్చున్నవాడు రసికుడు, మా వేపచెట్టు కింద కూర్చున్నవాడు తిరుగుబోతు. నా పోట్లాట ఈ రెండు నాలుకలతోనే.

నేను కళావిమర్శకుణ్ణి కాను, పెయింటర్ని. క్యాంప్ 1లో, పవర్ హౌస్ మార్కెట్లో, నందినీ రోడ్డు పొడుగునా షాపుల రేకుల మీద అక్షరాలు రాసి బతికినవాణ్ణి. హిందీ, తెలుగు, ఇంగ్లీషు సొంతంగా రాస్తాను. ఒడియా అయితే ఎవరైనా కాగితం మీద రాసిస్తే చూసి దింపుతాను. ఫ్లెక్సు మిషను వచ్చి పొట్టకొట్టే దాకా మా వృత్తికి ఒక మర్యాద ఉండేది. బోర్డు కింద కుడి మూల పెయింటర్ తన పేరు రాసుకునేవాడు. సేఠ్ ఎంత బేరమాడినా, చివరికి ప్రైమర్ డబ్బులు ఎగ్గొట్టినా, ఆ రెండంగుళాల జాగా జోలికి వచ్చేవాడు కాదు. ఆ పేరు చూసి ఇంకో షాపువాడు వెతుక్కుంటూ వస్తాడని వాడికీ తెలుసు. పేరంటే మాకు రేపటి కూలి. అందుకే 'మన ప్రాచీన కళాకారులకి పేరు మీద వ్యామోహం ఉండేది కాదండీ' అని సోఫాలో కూర్చుని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మాట అనేవాళ్ళకి దన్ను ఆనంద కుమారస్వామి. 1877లో పుట్టి 1947లో పోయిన మహా పండితుడు. మన సంప్రదాయంలో కళాకారుడు తనను తాను చాటుకోడు, పేరు చెప్పుకోకపోవడం అహం నుంచి విడుదల అని వాదించాడు. ఆయన చదువుకి దండం. ఆయన పేరు చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళని ఒక్కటి అడుగుతాను. ఈ మోక్షం బొమ్మ వేసినవాడికే ఎందుకు వచ్చింది? వేయించినవాడికి ఎందుకు రాలేదు? నవాబు పేరుంది, ఆయన బిరుదుల దండకం ఉంది, కొన్నిచోట్ల ఆయన ఏనుగు పేరు కూడా ఉంది. అహాన్ని జయించే భాగ్యం కూలివాడికి వదిలేసి, దొర మాత్రం తన అహంతో పాటే చరిత్రకెక్కాడు. ఎంత చక్కటి పంపకం!

పైగా ఆ మాట నిజం కూడా కాదు. అక్బర్ చిత్రశాలలో గుమాస్తాలు పేజీ కింది అంచున రాసి పెట్టేవారు: గీత ఫలానావాడిది, రంగు ఫలానావాడిది, ముఖాలు ఇంకొకడివి. ఐన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ చిత్రకారుల పేర్లు వరుసగా ఇచ్చాడు. వాళ్ళలో దస్వంత్ అనేవాడు పల్లకీ మోసే బోయీ కొడుకు. గోడల మీద బొమ్మలు గీస్తూ తిరుగుతుంటే పాదుషా కంట్లో పడ్డాడు. బోయీ కొడుకు పేరు పదహారో శతాబ్దం నుంచి మన దాకా వచ్చిందంటే అక్బర్ దయాగుణం వల్ల కాదు. ఎవడు ఎంత పని చేశాడో, ఎవడికి ఎంత ఇవ్వాలో లెక్క కావాల్సి వచ్చింది కాబట్టి వచ్చింది. లెక్క రాసినచోట పేరు మిగిలింది.

మన హైదరాబాదే చూడండి. నిజాం అలీ ఖాన్ ఏలిన కాలంలో, అంటే 1762 నుంచి 1803 దాకా, దర్బారులో రాయ్ వెంకటాచలం ఉన్నాడు, తజల్లీ అలీ షా ఉన్నాడు. దొరల వేటలు, ఊరేగింపులు వేసిన వెంకటాచలం పేరు మనకి తెలుసు. అదే ఊళ్ళో, అవే రంగులతో బావి దగ్గర ఆడవాళ్ళని వేసినవాడు మాత్రం గాలిలో కలిసిపోయాడు. బొమ్మలో ఎవరున్నారో దాన్ని బట్టి బొమ్మ వేసినవాడి పేరుకి ఆయుష్షు. ఇది సంప్రదాయమా? నా లెక్కలో ఇది జీతాల పట్టీ.

'రికార్డులు లేవు, ఏం చేస్తాం' అనేవాళ్ళకి కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి కథ చెప్పాలి. పహాడీ చిత్రాలు వేసినవాళ్ళ పేర్లు తెలియవని లోకమంతా సరిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో ఆ మనిషి హరిద్వార్ వెళ్ళి పండాల బహీలు, అంటే అక్కడి పురోహితుల పద్దుపుస్తకాలు, తిరగేశాడు. అస్థికలు కలపడానికి వచ్చిన ప్రతి కుటుంబం ఆ పొడుగాటి పుస్తకాల్లో తాత పేరు, తండ్రి పేరు, ఊరు, కులవృత్తి రాయించుకుని పోతుంది. రాజూ రాయించుకుంటాడు, వడ్రంగీ రాయించుకుంటాడు. గులేరు చిత్రకారులు కూడా అలాగే రాయించుకున్నారు. ఆ పద్దులు జతచేసి పండిత్ సేవూ, ఆయన కొడుకులు మనకూ, నైన్‌సుఖ్, వాళ్ళ పిల్లలు, మనవలు అంటూ ఒక వంశవృక్షమే నిలబెట్టాడు గోస్వామి. 1968లో అచ్చయిన ఆయన వ్యాసం తర్వాత 'పహాడీ చిత్రకారుడు, పేరు తెలియదు' అని రాసే ముందు ఎవరైనా కాస్త సిగ్గుపడాల్సి వచ్చింది. పేర్లు ఎక్కడికీ పోలేదు. చావుల పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. చిత్రకళ గురించి చావుల పుస్తకంలో వెతకాలని ఎవరికీ తోచలేదు, అంతే.

మన జనానికి ఈ విషయంలో చరిత్రకారుల కంటే బుద్ధి ఎక్కువ. పాలంపేట గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్టు శాసనం చెబుతుంది. జనం ఆ శాసనాన్ని చదవలేదు. శిల్పి పేరు రామప్ప అన్నారు, గుడిని రామప్ప గుడి అన్నారు, యునెస్కో వాళ్ళు 2021లో తమ జాబితాలో ఆ పేరు కూడా రాసుకున్నారు. శిల్పి పేరు నిజంగా రామప్పేనా అని పండితులు వాదించుకోవచ్చు. సొమ్ము పెట్టినవాణ్ణి వదిలి ఉలి పట్టినవాడి వైపు ఊరంతా మొగ్గింది చూశారా, నాకు అది చాలు.

సరే, బొమ్మ లోపలికి వెళదాం. మా వాళ్ళ పని మా వాళ్ళే చూడాలి.

ఆ బావి బొమ్మలో తాడు లాగుతున్న ఆమె భుజాలు చూడండి. ఎక్కడా బిగువు లేదు. మణికట్టు పూలమాల పట్టుకున్నట్టు వంచింది. మా అమ్మ రేజాగా, అంటే తట్టలు మోసే ఆడకూలీగా, పని చేసింది. నిండు బొక్కెన లాగే చెయ్యి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మోచేయి ఒంటికి ఆనుతుంది, దవడ బిగుస్తుంది, వెనక కాలు నేలని తన్నుతుంది. చిత్రకారుడికి ఇది తెలియదా? తెలుసు. ప్రింటులో ఎడమ మూల చూడండి, దొర చూపు పడని చోట. ఒకామె గొంతుక్కూర్చుని బిందె తోముతోంది, ముఖం అటు తిప్పి. ఆ వీపు వంపు, పిక్క మీద పడిన బరువు, చీర కుచ్చెళ్ళు తడవకుండా మోకాళ్ళ మధ్యకి నొక్కిపెట్టిన తీరు, అన్నీ అచ్చంగా ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళని పాత చిల్లుల కాగితం మీంచి బొగ్గుపొడి తట్టి దింపుకున్నాడు. ఆ ఒక్కామెని మాత్రం చూసి వేశాడు. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి. డబ్బిచ్చేవాడికి కావాల్సిన అందగత్తెలని మధ్యలో పెట్టి, తనకి తెలిసిన మనిషిని మూల కూర్చోబెట్టాడు. మా బోర్డుల్లో మేం సంతకం పెట్టుకునే చోటు లాంటిదే అది.

ఇక ఆ బొమ్మలో లేనివాళ్ళ సంగతి. పద్దెనిమిదో శతాబ్దంలో ఏ ఊరి మంచినీళ్ళ బావి దగ్గరైనా, కాస్త ఎడంగా, కుండ పట్టుకుని, ఎవరైనా జాలితలిచి పోస్తారా అని నిలబడ్డ మనిషి ఒకరు ఉండాలి. ఆమె బిందె ఆ గట్టుకి తగలకూడదు. ఆమె నీడ పడితే గొడవ. ఆ మనిషి బొమ్మలో ఎక్కడుంది? 'కలివిడిగా బతికారు' అంటున్నారే, ఎవరు ఎవరితో కలిశారు? అప్పటికి నూట యాభై ఏళ్ళు గడిచాక కూడా, 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ నడిచి వెళ్ళి చవదార్ చెరువులో దోసెడు నీళ్ళు తాగితే, ఆయన వెంట వచ్చిన జనాన్ని కర్రలతో తలలు పగలగొట్టారు. బొమ్మలో దొర దోసిలి పట్టడం శృంగారం. మహాడ్‌లో పట్టిన దోసిలికి దెబ్బలు.

కరువు సంగతి అసలే లేదు. ఇలాంటి తోట బొమ్మలూ బావి బొమ్మలూ జోరుగా తయారైన శతాబ్దం చివర్లోనే, 1789 నుంచి మూడు నాలుగేళ్ళ పాటు హైదరాబాదు రాజ్యం, మరాఠా దేశపు దక్షిణ భాగం, ఉత్తర సర్కార్లు ఎండి బూడిదయ్యాయి. దాన్ని డోజీ బారా అన్నారు, పుర్రెల కరువు. పూడ్చే దిక్కులేక దారుల పొడుగునా పుర్రెలు పడి ఉండేవి. అప్పుడు సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ వాన ఎంత కురిసిందో, ఎంత కురవలేదో లెక్క రాసి పంపాడు. వానకి లెక్క ఉంది. చచ్చినవాళ్ళకి లెక్క లేదు. మా క్యాంప్ 1 తెలుగువాళ్ళలో ఎక్కువమంది మూలాలు ఆ సర్కార్లలోనే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉన్నాయి. ఆ పుర్రెల్లో మా ముత్తాతల ముత్తాతలు ఉండి ఉంటారు. బంగారు అంచు ఆకాశం కింద, బిందెలు పొర్లిపోతున్న బావి పక్కన ఆ కాలాన్ని చూసి 'అబ్బ, ఎంత ప్రశాంతం' అంటే నేను ఏమనాలి?

తంజావూరు వెళితే ఇంకో తమాషా. నాయక రాజుల వెంట వలసపోయిన తెలుగు చిత్రకారుల వంశాలవాళ్ళు, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి కంపెనీ దొరల కోసం సెట్లు సెట్లుగా బొమ్మలు వేశారు. ఒక్కో కాగితం మీద ఒక మొగుడూ పెళ్ళాం, చేతిలో పనిముట్టు. సాలెవాడు, కుమ్మరి, కల్లుగీత కార్మికుడు, చాకలి, పాములవాడు. కింద కులం పేరు, వృత్తి పేరు. మనిషి పేరు లేదు. వేసినవాడి పేరు లేదు. దొరకి కావాల్సింది రకాల పట్టిక, పిట్టల పుస్తకంలో ఉండే రకం పట్టిక. వాటిని ఇప్పుడు లండన్‌లో పెట్టెల్లో దాచి, కాపాడామని చెప్పుకుంటారు. కాపాడారు, కాదనను. దేన్ని కాపాడారు అన్నదే ప్రశ్న.

ఐరోపాలో ఇంతకంటే వెలగబెట్టిందేమీ లేదు. అక్కడా ఆ శతాబ్దమంతా ఆరుబయట విందులు, ఊయలలు, తోటలో ప్రేమికులు. ఫ్రెంచి చిత్రకారుడు వాతో మొదలుపెట్టిన ఫ్యాషన్, వెనక పేరులేని అనుచరులు బారులు తీరి వేశారు. కానీ వాతో గురించి నాకిష్టమైన విషయం ఒకటుంది. చచ్చిపోయే ముందు, 1720 శీతాకాలంలో, పారిస్‌లో బొమ్మలమ్మే జెర్సాన్ అనే స్నేహితుడి షాపుకి ఆయన ఒక బోర్డు వేసిచ్చాడు. అవును, షాపు బోర్డే. వారం ఎనిమిది రోజుల్లో, పొద్దుటి పూట మాత్రమే పని చేసి పూర్తి చేశాడంటారు. బోర్డులో ఒక మూల కూలివాళ్ళు పదునాలుగో లూయీ బొమ్మని పెట్టెలో పెట్టి సర్దేస్తున్నారు! వీధి మీద కొన్నాళ్ళే వేలాడిందది. ఇప్పుడు బెర్లిన్ రాజభవనంలో ఉంది. బోర్డు రాసేవాడు కళాకారుడు కాదనే వాళ్ళకి ఇది చెప్పి, నేను కాసేపు మీసం దువ్వుకుంటాను.

గోయా మాత్రం వేరు. స్పెయిన్ రాజకుటుంబం భవనాల్లో తగిలించే గోడ తివాచీలకి నమూనాలు వేసే కొలువు ఆయనది. గాలిపటాలు, దాగుడుమూతలు, నది ఒడ్డున తిరనాళ్ళు, అన్నీ ఆరుబయట సరదాలే అడిగేవారు. 1786-87లో ఆయన వేసిన వాటిలో ఒకటి, గాయపడ్డ తాపీమేస్త్రీ. వెనక సారువ, ముందు ఇద్దరు కూలీలు దెబ్బతిన్న మూడోవాణ్ణి చేతుల మీద మోసుకొస్తున్నారు. దీనికి ముందు వేసిన చిన్న నమూనాలో ఇదే కూర్పు, కానీ మోసేవాళ్ళు నవ్వుతున్నారు, మోయబడేవాడు తాగుబోతు. అదే సారువ, అవే ఆరు చేతులు. రెండోసారి వేసేటప్పుడు నవ్వులు తుడిచేసి గాయం పెట్టాడు. రాజకుటుంబం ఉండే భవనానికి! వినోదం అడిగినవాడికి ప్రమాదం వేసిచ్చాడు. ఆ ఒక్క మార్పుకి నేను గోయా కాళ్ళు కడుగుతాను.

ఎందుకంటే ఆ మోసుకొచ్చే దృశ్యం మాకు మ్యూజియంలో చూడాల్సినది కాదు. 2014 జూన్ 12న మా భిలాయి ఉక్కు కర్మాగారంలో గ్యాస్ లీకై ఆరుగురు పోయారు. అందులో పెద్ద అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులో మంటలు లేచి పదిమందికి పైగా కాలిపోయారు. ఆ వారం క్యాంపు సందుల్లో ఎవరూ మంచాలు బయట వెయ్యలేదు.

ఆ కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మా బడిపిల్లల్ని అడగండి, తేదీలు అప్పజెబుతారు. ఆ ఫర్నేసు పునాది గోతుల్లోంచి తట్ట నెత్తిన పెట్టుకుని పైకెక్కిన రేజాల్లో ఒక్కరి పేరు అడగండి, నోరు తెరుస్తారు. దేశంలో రైలెక్కిన దాదాపు ప్రతివాడూ భిలాయి పట్టా మీద ప్రయాణం చేస్తాడు. 260 మీటర్ల పొడుగు పట్టాలు ఇక్కడ అతికి పంపుతారు. పట్టా మీద కర్మాగారం ముద్ర ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. మనిషి ముద్ర ఉండదు. సరే, పట్టా మీద వెయ్యిమంది పేర్లు పట్టవు, ఒప్పుకుంటాను. ఊళ్ళో కూడా పట్టవా?

పద్దెనిమిదో శతాబ్దంలో వీధి బతుకు ఎంత అందంగా ఉండేదో అని నిట్టూర్చే ఓ మహానుభావా, ఒక్క సాయంత్రం క్యాంప్ 1కి రండి. కారు పవర్ హౌస్ స్టేషన్ దగ్గరే ఆపి నడిచి రండి. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేశారు, హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది, గేట్ పాస్ ఇంకా మెడలోనే ఉంది. పానీపూరీల గుప్‌చుప్ ఠేలా చుట్టూ ఆడపిల్లలు. ఇంకోపక్క క్యారమ్ బోర్డు, దాని మీద వైరుకి వేలాడే బల్బు, బోరిక్ పౌడర్ తెల్లటి చేతులు, నలుగురు ఆడుతుంటే పద్నాలుగు మంది సలహాలు. కుళాయి వచ్చే వేళకి అసలు నాటకం.

"ఓలప్పా, నీ బిందెటు జరుపు! మావోడు రాత్రి సిఫ్టుకెల్లాల."

"ఎల్తాడులే, నాను మద్దేన్నం నుంచి నిల్సున్నాను. నాకేటి సిఫ్టు లేదేటి?"

మధ్యలోంచి ఛత్తీస్‌గఢీలో ఇంకొకామె, ఇప్పుడు నా వంతని: "ఏ దీదీ, మోర్ పారీ హవయ్!" ఒడియాలో ఒకామె నవ్వుతుంది, భోజ్‌పురీలో ఒకామె తిడుతుంది. నాలుగు భాషల్లో పోట్లాడుకుని, అయిదో నిమిషంలో ఒకరి పిల్లని ఇంకొకరు ఎత్తుకుంటారు. నడుము నొప్పి ఉన్న ముసలామె బిందెని కుర్రది ఎవరో ఇంటి దాకా మోసి పెడుతుంది. పల్లెలో ఈ నలుగురూ ఒకే బావి దగ్గర నిలబడి ఉండేవారు కాదు, ఎవరి వాడ వారిదే. ఇక్కడ కుళాయికి కులం తెలియదు. ఇళ్ళ లోపల ఇంకా తెలుసు, పెళ్ళిళ్ళ దగ్గర బాగా తెలుసు, నేను పూలు చల్లి మాట్లాడను. కానీ ఈ గట్టు మీద, ఈ వరుసలో, బిందెకి బిందె తగులుతోంది. మీ దక్కనీ చిత్రకారుడు వెయ్యలేని బొమ్మ ఇది. వేయించేవాడు లేక వెయ్యలేకపోయాడు. అది కళ్ళముందు ఉచితంగా జరుగుతుంటే మీకు హారన్ కొట్టాలనిపిస్తోంది.

'అయితే రోడ్డు మీద మంచాలు వేసుకోమంటారా, అంబులెన్సు ఎలా వెళ్ళాలి?' అంటారు. మంచి ప్రశ్న. అంబులెన్సు వస్తే మంచాలు అర నిమిషంలో లేస్తాయి. అడ్డంగా ఆపి పోయిన కార్లే లేవవు. పది అడుగుల గదిలో ఆరుగురు, పైన రేకు, ఎదురుగా మే నెల. ఆ ఇంటికి వీధే వరండా, వీధే పడకగది, వీధే పంచాయతీ. వీధి లాక్కోవాలంటే ముందు గది పెంచండి. టౌన్‌షిప్ సెక్టార్లలో పార్కులున్నాయి, చెట్ల వరసలున్నాయి, సాయంత్రం నడిచే దారులున్నాయి, చూసి సంతోషించాం. రైలు పట్టా దాటితే ఒక బెంచీ పెట్టించడానికి ఎవరికీ చేతులు రాలేదు. మేం రెండు రాళ్ళు, ఒక పలక వేసుకుంటే అది ఆక్రమణ అయింది, కూల్చే ముఠా, తోడూ దస్తా, వచ్చింది. బుల్డోజర్ ఆ పలకని విరగ్గొట్టడం నేను నిలబడి చూశాను. పలక మీద కూర్చునే ముసలాళ్ళు మర్నాడు ఇటుక ముక్కల మీద కూర్చున్నారు. ఎక్కడికి పోతారు?

ఆరుబయట కూర్చున్నందుకు ఈ ఊళ్ళో ప్రాణాలే తీశారు. 1991 సెప్టెంబర్ 28న కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆ మరుసటి ఏడు, 1992 జులై 1న, ఆయన కార్మికులు పెళ్ళాం పిల్లలతో సహా మా పవర్ హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు కాల్చారు. పదిహేను మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళు పోశారో, పోసేటప్పుడు చూశారో తెలియని ఉక్కు పట్టాల మీదే. ఏటేటా జులై 1న వాళ్ళ సంఘంవాళ్ళు ఒక్కొక్కరి పేరూ చదువుతారు. మైకు బాగుండదు, ట్రాఫిక్ ఆగదు, అయినా పేరు పేరునా చదువుతారు. పేరులేని జనం అని ఎవరంటారు? చదివే నోరుంటే పేర్లున్నాయి.

అందుకని నేను సానుభూతి అడగడం లేదు. 'పాపం పేదవాళ్ళ వీధి ఎంత అందమో' అని ఫొటోలు తీసుకుని, నలుపు తెలుపు చేసి, సివిక్ సెంటర్‌లో ప్రదర్శన పెట్టి, కింద 'క్యాంప్ 1లో ఒక సాయంత్రం' అని రాసేవాళ్ళు కూడా నాకొద్దు. వాళ్ళూ ఆ దక్కనీ చీటీ రాసినవాళ్ళ వారసులే. ఫొటోలో ఉన్న ఆమెని ఒక్క మాట అడగండి, 'అమ్మా, నీ పేరేమిటి' అని. చెప్పనంటే ఫొటో వదిలేసి రండి. చెబితే పేరు, ఊరు, ఏ ఠేకేదార్ దగ్గర ఏ పని చేసిందో రాయండి. కుమారస్వామి గారి ఆత్మ క్షోభిస్తే నేను సర్దిచెబుతాను.

ఇక నా వంతు. ఠేకేదార్ల పాత హాజరీ పుస్తకాలు కొన్ని ఈ సందుల్లోనే అటకల మీద చెదపడుతున్నాయి. అందులో వేలిముద్ర పక్కన మేట్, అంటే కూలీల మేస్త్రీ, రాసిన పేర్లున్నాయి. తప్పుల తడకలే, అప్పలనర్సమ్మని అపల నరసి అనీ, సూర్యనారాయణని సూరజ్ అనీ రాశారు. అయినా పేర్లే. మాకు హరిద్వార్ పండా లేడు, మేట్ ఉన్నాడు. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే, పాత గేట్ పాస్ ఉంటే, తాత తీసుకున్న చెల్లుచీటీ ఉంటే పాతసామాను బండికి వెయ్యకండి, నాకు చూపించండి. చూసి వెంటనే ఇచ్చేస్తాను. సందు మొదట్లో గోడ ఇవ్వడానికి ఒకాయన ఒప్పుకున్నాడు, ఆయన కొడుకు ఇంకా ఒప్పుకోలేదు. ఎనామెల్ నాది, బ్రష్షులు నావి, సున్నం కొట్టించడం మీరు చూసుకోండి. హిందీ, తెలుగు రెండు లిపుల్లో రాస్తాను, ఒడియా వాళ్ళు కాగితం మీద రాసి తేవాలి. తప్పులుంటే ఆదివారం వచ్చి గొడవపడండి, చెరిపి దిద్దుతాను. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అనే పంచాయతీ నా దగ్గరికి తేవద్దు, దొరికిన వరసలో రాస్తాను. కింద కుడి మూల రెండంగుళాలు మాత్రం ఎవరికీ ఇవ్వను.